మొగ నీళ్ల రంగు

గంగబాబు దృష్టిలో రంగంటే మరకని దాచేది. అంతకుమించి దానితో మనిషికి పనిలేదు.

కాట్రేనికోనలో ఆయనకి సప్లై కంపెనీ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంటగిన్నెలు, వాటితోపాటు నేల మీద పరిచే కార్పెట్లు. పెళ్లిళ్లకి ముదురెరుపు ఇచ్చేవాడు. సాంబారు ఒలికినా, కిళ్లీ ఉమ్మినా అందులో కలిసిపోతుంది. మీటింగులకీ, కొట్ల ప్రారంభోత్సవాలకీ ఆకుపచ్చ. బురదకాళ్లతో ఊరంతా తొక్కినా పొలంగట్టు తొక్కినట్టే ఉంటుంది, మాసినట్టు కనపడదు. నీలం ఒక్కటి కొనలేదు. ఎవరైనా అడిగితే "లేదు" అనేవాడు. ఎందుకు లేదో చెప్పేవాడు కాదు. అడిగినవాడు ఆ మొహం చూసి, ఎర్రదే వేన్‌లో వేయించుకుని పోయేవాడు.

అది ఆయన తాతల నాటి వ్యాపారం కాదు. అంతకుముందు ఆయనకి నావ ఉండేది. బలుసుతిప్ప అవతల గోదారి సముద్రంలో కలిసే చోటుని అక్కడివాళ్లు మొగ అంటారు. ఒక శ్రావణమాసం, ఎర్రనీరు పోటెత్తిన రోజున, చేపల గంపలతో ఇళ్లకి తిరిగొస్తున్న ఆడవాళ్ల పడవ ఆ మొగలో బోల్తా పడింది. అందరూ ఏదో ఒకటి పట్టుకుని తేలారు. గంగబాబు భార్య దుర్గమ్మ తేలలేదు. సరుగుడు తోటల వైపు ఇసుకకి కొట్టుకొచ్చింది.

గంగమ్మ తీసుకుంది అన్నారు ఊళ్లోవాళ్లు. తీసుకోవడమంటే అడిగి తీసుకోవడమని గంగబాబు అనుకునేవాడు. అడక్కుండా పట్టుకుపోయినవాళ్లని ఏమంటారో ఆయనకి తెలుసు.

నావ అమ్మేశాడు. గోదారి నీళ్లు ముట్టుకోవడం మానేశాడు. పుష్కరాలకి లోకమంతా వెళ్లి మునిగితే ఆయన ఇంటి దగ్గర మొహం కడుక్కుని గుమ్మంలో కూర్చున్నాడు. కుళాయిలో వచ్చేది కూడా గోదారి నీళ్లే కదయ్యా అని ఎవరో పుల్లవిరిచారు. మర్నాడే పెరట్లో బోరు తీయించాడు. సముద్రం దగ్గర ఊరు, బోరులో ఉప్పునీళ్లు పడ్డాయి. అవే తాగాడు. గోదారి మీద కట్టిన యెదుర్లంక వంతెన మీద వేన్ వెళ్తుంటే అటూ ఇటూ చూడడు. ఎదురొచ్చే లారీల నంబర్లు చదువుకుంటూ దాటేస్తాడు.

ఆయనకి ఒక్కతే కూతురు, లక్ష్మీతులసి. కార్పెట్ చుట్టడం ఆయన దగ్గరే నేర్చుకుంది. ఒక కొస ఆయన పట్టుకుంటే రెండో కొస తులసి పట్టుకునేది. చున్నీ నడుముకి బిగించి, వంగి, అంచుకి అంచు తేడా రాకుండా చుట్టేది. కొట్లో ఆయన బల్లకి పక్కనే ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ ఆమెది. అది ఆయన కొన్నది కాదు, తులసి ఎక్కడినుంచో తెచ్చుకుంది. ఒకరోజు ఆ కుర్చీలోంచి లేచి, "ఎరుపూ ఆకుపచ్చా చూసి చూసి కళ్లు మాసిపోయేయి నాన్నా" అంది. అమలాపురంలో గది తీసుకుని, తన పేరు మీద డెకరేషన్స్ బోర్డు కట్టుకుంది.

ఆయన వెళ్లొద్దనలేదు. వెళ్లమనీ అనలేదు. ఆ తర్వాత కూతురు ఫోన్ చేస్తే "ఊఁ" అనేవాడు. అంతే మాట్లాడేవాడు. కుర్చీ మాత్రం బల్ల పక్కనే ఉంచాడు. గిరాకీ ఎక్కువైన రోజున కూడా దాన్ని లోడులో వేయనివ్వలేదు.

శ్రావణం రాబోతుందనగా ఆ కొట్టు ముందు ఒక కారు ఆగింది. అమలాపురం బట్టల వ్యాపారి శ్యామ్ సుందర్ దిగాడు. ఆయన వెనక తులసి దిగింది. తండ్రికి ఎదురుగా నిలబడింది కానీ కుర్చీలో కూర్చోలేదు.

"కొత్త షోరూం తెరుస్తున్నానండీ," అన్నాడు శ్యామ్ సుందర్. "స్థలం సన్నంగా పొడుగ్గా వచ్చింది, రైలుపెట్టెలాగ. ముందు హాల్లో మామూలు చీరలు, వెనక హాల్లో పట్టు. పాత కొట్లో కూడా ఇదే తలనొప్పండీ. జనం తలుపు దగ్గరే నిలబడి బేరాలాడి వెళ్లిపోతారు. వెనక్కి రారు. పట్టుచీరలు బీరువాల్లోనే ముసలివైపోతున్నాయి."

"అయితే?" అన్నాడు గంగబాబు.

"మీ అమ్మాయి గారు వీధిగుమ్మం నుంచి వెనక గోడ దాకా ఒకటే కార్పెట్ పరుస్తానంటున్నారండీ. రంగే వాళ్లని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుందట. ముక్తేశ్వరం దగ్గర కొబ్బరిపీచుకి రంగులద్దించి నేయిస్తున్నారు. చూపించమంటే చూపించరు. నాకు గుండెల్లో దడగా ఉందండీ. మీ ఎర్రవి ఒక జత రెడీగా పెట్టాలి, ఆ రోజుకి."

"కొబ్బరిపీచు కాళ్లు తుడుచుకోడానికి," అన్నాడు గంగబాబు. "చూసుకోడానికి కాదు."

తులసి నవ్వింది. ఆ నవ్వు దుర్గమ్మది. అందుకే ఆయన ఎక్కువసేపు చూడలేదు.

"రెడీగా పెట్టు నాన్నా," అంది. "ప్రారంభం రోజు భోజనాల వేళకి పట్టు హాల్లో జనం లేకపోతే, నువ్వే వచ్చి నీ ఎర్రది దాని మీద పరిచెయ్యి. నేను బోర్డు దించేసి ఇంటికొచ్చేస్తాను. ఈ కుర్చీలో కూర్చుని సాంబారు మరకలు కడిగిస్తాను. సరేనా?"

"మాట మీద ఉంటావా?"

"నీ కూతుర్నే కదా."

శ్యామ్ సుందర్ ఇద్దరి మొహాలూ చూసి, "ఆయ్, మధ్యలో నా కొట్టు ఏమైపోద్దో" అని గొణుక్కున్నాడు.

కారు వెళ్లిపోయాక గంగబాబు తువ్వాలుతో ఆ నీలం కుర్చీ దుమ్ము దులిపాడు. ఆయన కోరుకున్నది ఒక్కటే. కూతురు ఓడిపోవాలి. ఓడిపోయి ఇంటికి రావాలి. కూతురి ఓటమి కోరుకున్న తండ్రి ఈ లోకంలో ఆయనొక్కడే కాదు. తనలో తానైనా ఒప్పుకున్నవాడు మాత్రం ఆయనొక్కడే అయి ఉంటాడు.

శ్రావణ శుక్రవారం నాడు ఎర్ర కార్పెట్లు వేన్‌లో వేసుకుని బయల్దేరాడు. మనవరాలికి చీర కొనాలని లోవమ్మ ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. అమలాపురం బజారులో చేపలమ్మే మనిషి. దుర్గమ్మ ఆమెని అక్కా అని పిలిచేది. ఆ రోజు ఆ పడవలోంచి తేలినవాళ్లలో లోవమ్మ ఒకతె. అది ఆమె చేసిన తప్పు కాదని గంగబాబుకి తెలుసు. తెలిసినా, ఆ రోజు గురించి ఆమెని ఎప్పుడూ ఒక్క మాట అడగలేదు. ఆమె చెప్పబోతే లేచి వెళ్లిపోయేవాడు.

"ఏం మరిదీ, కూతురు చేసిన పనికి గుడ్డ కప్పడానికి వెళ్తన్నావా?" అంది లోవమ్మ.

"కొట్టు నా కూతురిది కాదు."

"కార్పెట్టు నీ కూతురిదే కదా."

"కప్పమని తనే అంది."

"నీది నోరు కాదయ్యా, పీతకాలు. పట్టిందంటే ఊడదు."

"నువ్వు దారి చూడు వదినా."

"దారి నువ్వు చూడాలి. నడిపేది నువ్వు."

షోరూం ముందు అరటిచెట్లు కట్టారు. సన్నాయి మోగుతోంది. జ్యోతి వెలిగించడం అప్పుడే అయినట్టుంది, జనాన్ని ఇంకా లోపలికి వదల్లేదు. గంగబాబు వేన్ పక్కసందులో పెట్టి, సప్లైవాడినని చెప్పి లోపలికి వెళ్లాడు.

గుమ్మం దగ్గర తులసి కార్పెట్ ఇటుకరంగులో ఉంది. ఇదీ ఎర్ర కార్పెట్టే కదా అనుకుంటూ దాని మీద నడిచాడు. కొంచెం నడిచాక అది ఎరుపు కాదని తెలిసింది. శ్రావణంలో గోదారి ఏ రంగులో ఉంటుందో ఆ రంగు. ఎక్కడి కొండల మట్టో కలుపుకుని, పాలు తక్కువైన టీ లాగా చిక్కగా, మందంగా, తొందరలేనట్టు కనపడుతూనే లోపల పరుగు మీద ఉండే నీళ్లు. వాటి మీద అక్కడొకటి ఇక్కడొకటి పచ్చపోగులు. వరదకి కొట్టుకొచ్చే గుర్రపుడెక్క. పీచుని ఎలా మెలితిప్పి నేయించిందో గాని, ఆ ఎరుపులో సుడులున్నాయి.

కాళ్ల కింద నేల కదిలినట్టయింది. గంగబాబు ఆగి, బీరువా అంచు పట్టుకున్నాడు.

ముందు హాలు అయిపోయి, రెండు వైపులా అద్దాల బీరువాలతో దారి సన్నబడే చోట, కార్పెట్ దారి వెడల్పంతా ఆక్రమించుకుంది. సరిగ్గా అక్కడ అడ్డంగా ఒక తెల్లగీత ఉంది. సూటిగా లేదు. ఒకచోట చిక్కబడి, ఒకచోట తెగి, మళ్లీ అతుక్కుని, వంకరటింకరగా పోయింది. నురగ. నురగకి ఇవతల ఎర్రనీరు. అవతల పచ్చ. పచ్చలోంచి నీలం ఎక్కడ మొదలైందో కన్ను పట్టుకోలేదు. నీలం ముదురుతూ ముదురుతూ పోయి, వెనక గోడ దగ్గర దానికి పేరు లేదు. తీరం కంటికి ఆననంత లోపలికి వెళ్లినవాడికి తప్ప ఆ రంగు ఉందని తెలియదు. పైన అద్దాల కప్పులోంచి ఎండ పడుతోంది. ఎండకి మబ్బు అడ్డం వచ్చినప్పుడల్లా ఆ నీలం ఊపిరి పీల్చినట్టు నల్లబడి, మళ్లీ విడుస్తోంది.

గంగబాబు తప్పు వెతికాడు. తప్పు వెతకడం ఆయనకి బాగా చేతనైన పని. క్యాలెండర్లలో, హోటల్ గోడల మీద ఈ చోటుని చాలామంది వేయగా చూశాడు. అందరూ రెండు నీళ్లనీ కలిపేస్తారు. మొగలో నీళ్లు అలా కలవవు. మాటల్లేని రెండు కాపురాలు ఒకే గోడ పంచుకున్నట్టు, పక్కపక్కనే, ఎవరి రంగు వాళ్లు పట్టుకుని చాలా దూరం పోతాయి. తులసి కలపలేదు. గీత వంకర కూడా తప్పు పోలేదు.

ఆయన గొంతులో ఉప్పు తగిలింది. కాలి బొటనవేలు గీతకి ఇవతలే ఆగిపోయింది.

తులసి వచ్చి పక్కన నిలబడింది.

"ఎక్కడ చూసేవు ఇది?" అన్నాడు.

"అమ్మ చూపించింది. చిన్నప్పుడు పడవలో తీసుకెళ్లేది కదా. వెళ్లేటప్పుడు 'అదిగో గీత దాటేం, ఇంక సముద్రం' అనేది. వచ్చేటప్పుడు 'గీత దాటేం, ఇంక ఇల్లే' అనేది. నేను గీత మీద చెయ్యి వేద్దామని వంగితే నా జడ పట్టుకునేది."

ఆయన గీత మీంచి చూపు తిప్పుకున్నాడు. తర్వాత, "ఎర్రవి వేన్‌లో ఉన్నాయి" అన్నాడు.

"ఉండనీ," అంది తులసి.

తలుపులు తెరిచారు. జనం తోసుకుంటూ వచ్చారు. ఉప్పలగుప్తం వాళ్లు, ముక్తేశ్వరం వాళ్లు, కొత్తపేట వాళ్లు. అరుపులు, నవ్వులు, పిల్లల ఏడుపులు. ఎర్రనీటి మీద నడుచుకుంటూ గీత దాకా వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఆగిపోయారు.

గోల తగ్గిపోయింది. ముందువాళ్లు ఎందుకు ఆగారో చూడాలని వెనకవాళ్లు మునివేళ్ల మీద లేచారు, చూసి వాళ్లూ ఊరుకున్నారు. ఒక ముసలాయన పైపంచె భుజం మీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పారు. విప్పి, అలాగే నిలబడ్డారు. ఫోన్లు తీసి ఫొటోలు తీసుకున్నారు, ఫొటోలో సరిగా రాలేదని మళ్లీ కళ్లతో చూశారు. చూసి చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని ముందు హాల్లోకే వెళ్లిపోయారు. గీత దాటి ఒక్కరూ కాలు పెట్టలేదు.

రాజోలు నుంచి మెర్సీ టీచరు వచ్చింది, చెల్లెలి పెళ్లికి పట్టుచీర కొనాలని. శ్యామ్ సుందర్ ఎదురెళ్లాడు.

"రండి టీచరు గారూ, పట్టు లోపలండి."

"అయ్యబాబోయ్, దీని మీంచా? ఎలా తొక్కుతామండీ!"

"తొక్కడానికే వేసేమండీ."

"ప్రతి ఆదివారం చర్చిలో పిల్లలకి పేతురు నీళ్ల మీద నడిచేడని చెప్తానండీ. మధ్యలో భయపడ్డాడని కూడా చెప్తాను. ఎందుకు భయపడ్డాడో ఇవాళ తెలిసింది."

"మునగరండీ, నాదండీ పూచీ."

"మీ పూచీ బిల్లు మీద వేస్తారా?" అని నవ్వి, మెర్సీ టీచరు గీత దగ్గరే చెయ్యి గడ్డం కింద పెట్టుకుని నిలబడిపోయింది. కదల్లేదు.

కొట్లో పనిచేసే అమ్మాయిల్ని శ్యామ్ సుందర్ అటూ ఇటూ నడిపించాడు. "వాళ్లు కొట్లోవాళ్లు కదా" అన్నారు జనం. తులసి తనే నడిచి చూపించింది. "చేసినావిడ, ఆవిడకి చెల్లుద్ది" అన్నారు. మైకులో పిలిచారు. పిలిచేకొద్దీ చూడ్డానికి ఇంకా జనం వచ్చారు. "పట్టుచీరలు ఇక్కడికే తెచ్చి చూపించండి బాబూ, పుణ్యముంటుంది" అందొకావిడ. వెనక హాల్లో చీరలు మడతల్లోనే ఉన్నాయి. పరుపుల మీద మనిషి లేడు.

గంగబాబు స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు. ఆయన గెలుస్తున్నాడు. సంతోషించాలి. కానీ ఆయన కళ్లు జనం మొహాల మీదే ఉన్నాయి. ఇదే జనం. తను ఇన్నేళ్లుగా పరిచిన ఎర్ర కార్పెట్ల మీద విస్తళ్లు పారేసి, చేతులు తుడుచుకుని, తమలపాకు తొడిమలు తుంచి పడేసి పోయిన జనం. ఒక్కడు వంగి చూసింది లేదు. ఇవాళ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నేల మీద పరిచిన పీచు ముందు. తన కూతురు పరిచిన పీచు ముందు.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. శ్యామ్ సుందర్ మొహం తుడుచుకుంటూ తులసి దగ్గరికి వెళ్లాడు.

"ఏమీ అనుకోకండి తులసి గారూ. చేతులెత్తి దణ్ణం పెట్టేనండీ దీనికి. కానీ జనం దణ్ణం పెట్టి వెళ్లిపోతే నా కొట్టు ఏం కావాలి చెప్పండి?" తర్వాత గంగబాబు వైపు తిరిగాడు. "గీత నుంచి వెనక గోడ దాకా మీ ఎర్రది పరిచేయండి. అలవాటైన ఎరుపైతే చెప్పులతో పరిగెత్తుకుని పోతారు."

తులసి పెదవి కొరుక్కుంది. ఏడవలేదు. ఏడిస్తే ఆయన కూతురు కాదు.

గంగబాబు సందులోకి వెళ్లి, కార్పెట్ చుట్ట భుజానికెత్తుకుని వచ్చాడు. గీత దగ్గర దించాడు. జనం దారి ఇచ్చారు. "అయ్యో, కప్పేస్తారా?" అన్నారెవరో. తులసి చున్నీ నడుముకి బిగించింది. వచ్చి, వంగి, ఎర్రదాని కొస పట్టుకుంది.

"నేను ఇక్కడ పడతాను నాన్నా. నువ్వు లాక్కుని వెళ్లు."

అప్పుడు తట్టింది గంగబాబుకి. కార్పెట్ పరచాలంటే రెండో కొస పట్టుకున్నవాడు ముందుకి నడవాలి. కప్పాలంటే కప్పేదాని మీద ముందు తనే కాలు పెట్టాలి. ఇన్ని పెళ్లిళ్లు, ఇన్ని పందిళ్లు పరిచినవాడికి అది ఇప్పటిదాకా తోచలేదు.

రెండో కొస చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా పచ్చ. పచ్చ అవతల నీలం. దాని అవతల పేరు లేనిది. మబ్బు వెళ్లింది, నీలం నల్లబడి మళ్లీ తేరుకుంది. సరుగుడు తోటల పక్కన ఇసుక మీద ఎవరో ఎర్రచీర తెచ్చి దుర్గమ్మ మీద కప్పిన సంగతి గుర్తొచ్చింది. పాదాల నుంచి పైకి లాగుతూ కప్పారు. ఆ గుడ్డ కొస ఆయనే పట్టుకున్నాడు.

చెప్పులు విప్పాడు. నావ ఎక్కే మనిషి చెప్పులతో ఎక్కడు. కాలు ఎత్తాడు. కాలు ముందుకి పోలేదు.

చెయ్యి పోయింది. ఆయన పంపలేదు, దానంతట అదే పోయింది. ఎర్రదాన్ని వదిలేసి, వంగి, గీతకి అవతల పచ్చ మీద వేళ్లానించి, పైకొచ్చి నెత్తిని తాకింది. ఆ ఊళ్లలో నీళ్లలోకి దిగేవాళ్లెవరైనా చేసే పని అది. వల వేసేవాడైనా, స్నానానికి దిగేవాడైనా, కాలు తడిసేముందు నెత్తిన నీళ్లు చల్లుకుంటాడు. కాలు పెడుతున్నానని చెప్పుకోవడం. గంగబాబు నావ మీద ఉన్న రోజుల్లో రోజూ చేసేవాడు. దుర్గమ్మ పోయాక ఒక్కసారీ చేయలేదు.

తర్వాత కాలు పెట్టాడు.

పీచు అరికాలికి గరుకుగా తగిలింది. నడిచాడు. వెనక ఎర్ర కార్పెట్ ఆయనతో రాలేదు, చుట్ట చుట్టగానే గీత దగ్గర పడి ఉంది. కొస పట్టుకున్న తులసి కూడా దాన్ని వదిలేసింది. సన్నాయివాళ్లు ఊదడం ఆపి గుమ్మంలోంచి చూస్తున్నారు.

"అదీ!" అంది లోవమ్మ. బజారులో చేపలు అరిచి అమ్మిన గొంతు, హాలంతా వినపడింది. "అడక్కుండా కాలెలా పెడతామనే కదా నిలబడ్డాం. అడిగితే సరి." చెప్పులు పక్కన పడేసి, వంగి, పచ్చ మీద చెయ్యి ఆనించి నెత్తిన పెట్టుకుంది. "తల్లీ, కాలు పెడతన్నాం, ఏవనుకోకు" అని నడిచింది.

ఆమె వెనక ఉప్పలగుప్తం ఆవిడ వంగింది. ఆమె వెనక ఆమె కోడలు. ఆ తర్వాత వరసలో అందరూ. గాజులు గలగలమన్నాయి. ఒక్కొక్క చెయ్యీ వంగి ఆ నురగ అవతల ఆగి, నెత్తికి పోయి, ఒక్కొక్క కాలూ పచ్చలోకి దిగింది. దిగుతూనే ప్రతి ఆడమనిషీ రెండో చేత్తో కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుంది. ఎవరూ ఎవర్నీ చూసి చేయలేదు. నీళ్లలోకి దిగేవాళ్లు చీర పైకి పట్టుకుంటారు, అంతే. పచ్చ దాటి నీలంలోకి వెళ్లేకొద్దీ ఇంకొంచెం పైకి పట్టుకున్నారు. లోతు పెరిగినట్టే నడక నెమ్మదించింది. పిల్లల్ని ఎత్తుకున్నారు.

మెర్సీ టీచరు చెప్పులు చేత్తో పట్టుకుని కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. కళ్లు తెరిచి, చీర మడమల పైకి లాక్కుని అడుగు పెట్టింది. "మునగలేదండీ" అంది శ్యామ్ సుందర్‌తో. ఆయన తన కొట్లో తనే, పంచె అంచు పైకి పట్టుకుని నడుస్తున్నాడు.

గంగబాబు వెనక గోడ దాకా వెళ్లి ఆగాడు. ఇంక వెళ్లడానికి లేదు. చుట్టూ ఆ పేరు లేని రంగు. ఇటూ అటూ పట్టుచీరలు విప్పుతున్నారు, ఆడవాళ్లు పరుపుల మీద కూర్చుంటున్నారు. ఆయన వెనక్కి తిరిగాడు.

ఇటునుంచి చూస్తే అది వేరే నీళ్లు. ముదురునీలం, నీలం, పచ్చ, దూరంగా నురగ గీత, దాని అవతల ఎర్రనీరు, ఎర్రనీటి చివర వీధి గుమ్మంలో ఎండ. సముద్రం మీంచి ఇంటికి వచ్చేవాళ్లకి కనపడేది అదే. తనూ తన నావ మీంచి రోజూ చూసినదే. ఇన్నేళ్లూ ఆ మొగ తలుచుకున్నప్పుడల్లా ఆయన ఒడ్డు మీద నిలబడే తలుచుకున్నాడు. పడవలో ఉన్నవాళ్లు ఇటునుంచి చూశారన్నది ఒక్కసారీ అనుకోలేదు. దుర్గమ్మ ఇటువైపు నుంచి, ఇంటి వైపు చూస్తూ వచ్చింది.

గోడకి ఆనుకున్నాడు.

తులసి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని నవ్వుతోంది.

"నాన్నా, ఎర్రది?"

"వేన్‌లోకి పట్టుకుపోతాను."

"ఎలా ఉంది మరి, చెప్పవేం?"

ఆయన కార్పెట్ మొత్తం ఒకసారి చూశాడు. ఇంతమంది పాదాలు, అరటిపండు తింటున్న పిల్లలు.

"ఈ నీలం మరక దాచదు," అన్నాడు. "మాసిపోద్ది."

"మాయనీ నాన్నా. తొక్కేరని తెలుస్తుంది."

ఆయన తల ఊపాడు. మెచ్చుకోలేదు. మెచ్చుకోవడం ఆయనకి రాదు. కానీ చెప్పుల కోసం గీత దాకా తిరిగి వచ్చేటప్పుడు, ఎదురొచ్చే జనాన్ని తప్పించుకుంటూ అంచు మీదే నడిచాడు, మధ్యలో తొక్కితే అరిగిపోతుందన్నట్టు. గీత దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగాడు.

తిరుగు ప్రయాణంలో లోవమ్మ చీర పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముమ్మిడివరం దాకా ఓపిక పట్టింది.

"నీళ్లు ముట్టుకున్నావు మరిదీ."

"కొబ్బరిపీచు ముట్టుకున్నాను."

"పీచు ముట్టుకుని నెత్తిన పెట్టుకుంటారా ఎవరైనా?"

ఎదురుగా లారీ వచ్చింది. ఆయన నంబరు చదవలేదు. అది దాటాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"ఆ రోజు గీత దాటేరా?"

లోవమ్మ ఆయన వైపు తిరిగింది. ఇన్నేళ్లకి అడిగాడు.

"దాటేం. దుర్గే అంది, గీత దాటేం అక్కా, ఇంక ఇల్లే అని. గంప మీద చెయ్యేసుకుని కూర్చుంది. ఆ తర్వాతే పడవ తిరగబడింది."

గంగబాబు వేన్ ఆపలేదు. కాట్రేనికోన దాకా నెమ్మదిగా నడిపాడు.

ఆయన గోదారిని క్షమించలేదు. ఇంటికెళ్లి ఆ ఉప్పటి బోరునీళ్లే తాగాడు. తర్వాత కొట్లోకి వెళ్లి, బల్ల పక్కనున్న నీలం కుర్చీ తీసి, మర్నాటి పెళ్లికి వెళ్లే లోడులో తక్కిన కుర్చీలతో పాటు పెట్టేశాడు.